విద్యుత్ చేప ఇచ్చిన ఆనవాలు

మూర్ఛకు డాక్టర్లు రాసే మందుల్లో లెవెటిరాసిటామ్ ఇప్పుడు బాగా వినబడే పేరు. మన పట్టణాల్లో ఏ మందుల షాపులో అడిగినా దొరుకుతుంది. హైదరాబాద్ ఔషధ సంస్థలు దాన్ని తయారుచేసి విదేశాలకు పంపుతాయి కూడా. బెల్జియంలోని యూసీబీ అనే సంస్థ కనిపెట్టిన ఈ మందుకు అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది. అప్పటికి దాని గురించి ఒక ముఖ్యమైన సంగతి ఎవరికీ తెలియదు. అది మెదడులో దేన్ని పట్టుకుని పనిచేస్తోంది? అంతకుముందున్న మూర్ఛ మందులు చాలావరకు నాడీకణం పొరలో ఉండే సోడియం, కాల్షియం ద్వారాల మీదో, గాబా అనే రసాయనం మీదో పనిచేసేవి. ఇది ఆ కోవలోకి రాలేదు. కొత్త మూర్ఛ మందులను వడపోయడానికి అప్పట్లో చేసే రెండు ప్రామాణిక పరీక్షల్లో ఇది నెగ్గలేదు. పెద్ద శబ్దం వింటే చాలు మూర్ఛ వచ్చే ఒక జాతి చుంచెలుకల్లో మాత్రం చక్కగా పనిచేసింది.

మెదడు పొరల్లో ఈ మందు అతుక్కునే చోటు ఒకటి ఉందని 1995లో తేలింది. అది సుమారు 90 కిలోడాల్టన్ల బరువున్న ప్రోటీన్ అని తర్వాత తెలిసింది. ఆ ప్రోటీన్ ఎస్‌వీ2ఏ అని 2004లో రుజువైంది. ఎస్‌వీ2ఏ జన్యువు తీసేసిన చుంచెలుకల మెదడుకు మందు అతుక్కోనేలేదు. మందును పోలిన అణువులను వరసగా పరీక్షించి చూస్తే, ఎస్‌వీ2ఏను ఎంత గట్టిగా పట్టుకున్నది మూర్ఛను అంత బాగా ఆపింది.

ఎస్‌వీ2 అప్పటికి కొత్త ప్రోటీనేమీ కాదు. దాదాపు 20 ఏళ్ళుగా శాస్త్రజ్ఞులకు పరిచయం ఉన్నదే. అది సరిగ్గా ఏం పని చేస్తుందో తెలియకపోయినా, ఎక్కడ ఉంటుందో మాత్రం బాగా తెలుసు. ఎక్కడుంటుందో చూపించింది ఒక యాంటీబాడీ. జీవశాస్త్ర ప్రయోగశాలలో ఒక ప్రోటీన్‌ను చూడాలన్నా, కొలవాలన్నా ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: దానికి మంచి యాంటీబాడీ ఉందా? ఎస్‌వీ2 యాంటీబాడీ 1985 నుంచి వాడుకలో ఉంది. అది ఎలా పుట్టింది, ఏం చూపిస్తుంది, ఏం చూపించలేదు అన్నది తెలిస్తే, మెదడు గురించి మనం చదివే ఎన్నో పరిశోధన వార్తల వెనక జరిగే పని ఏమిటో అర్థమవుతుంది.

నాడీకణం తన కబురును విద్యుత్ రూపంలో పొడవాటి తంతువు చివరిదాకా మోసుకొస్తుంది. అక్కడి నుంచి అవతలి కణానికి దాన్ని దాటించేది రసాయనం. రెండు కణాల మధ్య 20 నానోమీటర్ల సందు ఉంటుంది. ఈ కూడలినే సినాప్స్ అంటాం. కబురు మోసే రసాయనం తంతువు కొసలో విడిగా తేలుతూ ఉండదు. సుమారు 40 నానోమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి తిత్తుల్లో నింపి సిద్ధంగా ఉంటుంది. విద్యుత్ సంకేతం రాగానే తిత్తి కణం అంచుకు అతుక్కుని, విచ్చుకుని, లోపలిదంతా సందులోకి ఒలకబోస్తుంది. తర్వాత ఆ పొర మళ్ళీ లోపలికి ముడుచుకుని, కొత్త తిత్తిగా మారి, మళ్ళీ నిండుతుంది. మనం ఒక మాట గుర్తుచేసుకున్నా, వేలు కదిపినా జరిగేది ఇదే.

తిత్తి పొర నిండా రకరకాల ప్రోటీన్లు గుచ్చుకుని ఉంటాయి. 2006లో జర్మనీలోని గాటింగెన్ కేంద్రంగా ఒక బృందం ఎలుక మెదడులోంచి తీసిన తిత్తులను విశ్లేషించి, ఒక్కో తిత్తిలో ఏ ప్రోటీన్ అణువులు సగటున ఎన్ని ఉన్నాయో లెక్కగట్టింది. సినాప్టోబ్రెవిన్ సుమారు 70, సినాప్టోఫైసిన్ 30 పైచిలుకు ఉన్నాయి. ఎస్‌వీ2 రెండే రెండు. అంత చిన్న తిత్తిలో, అంత తక్కువగా ఉన్న అణువును చూసి ఇదే అది అని చెప్పగలగడమే యాంటీబాడీ గొప్పదనం.

1980ల మొదట్లో ఈ తిత్తుల లోగుట్టు తెలుసుకోవాలంటే మొదటి చిక్కు ముడిసరుకు దగ్గరే వచ్చేది. ఎలుక మెదడులో రకరకాల రసాయనాలు వాడే సినాప్స్‌లు కలగాపులగంగా ఉంటాయి. ఒకే రకం తిత్తులు, అవీ పెద్ద మొత్తంలో కావాలంటే విద్యుత్ చేపలే దిక్కు. ఇవి తిరిగండి చేపల బంధువులు, ఒళ్ళు చదునుగా పళ్ళెంలా ఉంటుంది. మన కోస్తాలోనూ ఈ తెగ చేపలున్నాయి. విశాఖపట్నం తీరపు చేపల మీద ప్యాట్రిక్ రస్సెల్ 1803లో అచ్చువేయించిన పుస్తకంలో, తిమిరి అనే స్థానిక నామంతోనే వీటి బొమ్మలు కనిపిస్తాయి. చేప తలకు రెండు వైపులా విద్యుత్ అవయవాలుంటాయి. అవి పిండదశలో కండరంగా మొదలై, ముడుచుకునే శక్తి పోగొట్టుకుని, పలకల దొంతరలుగా మారినవి. ప్రతి పలకకూ ఒక వైపంతా నాడుల కొసలు కమ్ముకుని ఉంటాయి. ఆ కొసలన్నీ వాడే రసాయనం ఒక్కటే, ఎసిటైల్‌కోలిన్. మన కండరాలను కదిలించేది కూడా అదే. అన్ని పలకలూ ఒకేసారి స్పందిస్తే చేపను ముట్టినవాళ్ళకు షాక్ కొడుతుంది. జీవరసాయన శాస్త్రజ్ఞుడి చేతికి వస్తే అది తిత్తుల గని.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రెజిస్ కెల్లీ ప్రయోగశాల ఈ గనినే తవ్వుకుంది. అక్కడ క్యాథ్లీన్ బక్లీ, కెల్లీ కలిసి డిస్కోపైగె ఒమ్మటా అనే పసిఫిక్ తీరపు విద్యుత్ చేప నుంచి తిత్తులను శుద్ధిచేసి, వాటిని చుంచెలుకలకు ఇంజెక్షన్‌గా ఇచ్చారు.

ఒంట్లోకి పరాయి పదార్థం చొరబడితే రక్షణ వ్యవస్థ యాంటీబాడీలను తయారుచేస్తుంది. ఒక్కో బీ కణం ఒక్కో రకం యాంటీబాడీనే తయారుచేస్తుంది. అలాంటి వేల కణాల ఉత్పత్తి రక్తంలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఏది దేన్ని పట్టుకుంటుందో విడదీయడం అసాధ్యం. ఒక బీ కణాన్ని వేరుచేసి పెంచుదామంటే అది గాజు పాత్రలో కొద్ది రోజులకే చచ్చిపోతుంది. ఈ ముడిని 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ విప్పారు. ఇంజెక్షన్ ఇచ్చిన చుంచెలుక ప్లీహంలోంచి బీ కణాలు తీసి, చావు లేకుండా పెరిగే మైలోమా క్యాన్సర్ కణాలతో కలిపేశారు. అలా పుట్టిన సంకర కణానికి యాంటీబాడీ తయారుచేసే విద్య ఒక వైపు నుంచీ, అంతులేకుండా పెరిగే గుణం ఇంకో వైపు నుంచీ వస్తాయి. దీన్ని హైబ్రిడోమా అంటారు. ఒక్కో హైబ్రిడోమాను విడివిడిగా పెంచితే ఒక్కోటీ ఒకే రకం యాంటీబాడీని ఏళ్ళ తరబడి ఇస్తుంది. దాన్ని మోనోక్లోనల్ యాంటీబాడీ అన్నారు. 1984లో ఇద్దరికీ, నీల్స్ యెర్నెతో కలిపి నోబెల్ వచ్చింది. ఈ పద్ధతి మీద పేటెంట్ తీసుకోలేదు. బ్రిటన్ పరిశ్రమలు ఎంతో నష్టపోయాయని ఆ తర్వాత పెద్ద రభస జరిగింది. నేను మాత్రం ఆ నష్టాన్ని లోకానికి కలిసొచ్చిన భాగ్యమనే అంటాను. పదేళ్ళు తిరక్కుండా ప్రపంచమంతటా ప్రయోగశాలలు తమకు కావలసిన యాంటీబాడీని తామే తయారుచేసుకోగలిగాయి. బక్లీ, కెల్లీల ఎస్‌వీ2 యాంటీబాడీ అలా వచ్చిందే.

1985లో వాళ్ళు ప్రచురించిన ఫలితంలో అసలు విశేషం, ఆ యాంటీబాడీ చేప దగ్గర ఆగకపోవడం. క్షీరదాల మెదడులోనూ అది సినాప్స్ ఉన్న చోటల్లా అతుక్కుంది. ఆ సినాప్స్ ఏ రసాయనాన్ని వాడుతోందన్న తేడా దానికి లేదు. అంటే అది పట్టుకున్న ప్రోటీన్ ఏదో ఒక రసాయనానికి సంబంధించింది కాదు, తిత్తి అనే ఏర్పాటుకే సంబంధించింది. చేపకూ మనిషికీ మధ్య కోట్ల ఏళ్ళ ఎడం ఉన్నా ఆ ప్రోటీన్‌లో యాంటీబాడీ పట్టుకునే చిన్న భాగం దాదాపు మారకుండా మిగిలింది. మారితే పని చెడుతుంది కాబట్టే మారలేదని అనుకోవాలి. యాంటీబాడీని ఇచ్చిన చుంచెలుకకు కూడా ఆ ప్రోటీన్ ఉంది కదా, సొంతదాని మీద యాంటీబాడీ ఎలా తయారుచేసిందన్న సందేహం రావచ్చు. ఆ భాగం తిత్తికి వెలుపల, కణానికి లోపల, రక్షణ వ్యవస్థ కంటపడని చోట ఉంటుంది. బహుశా అందుకే అది దాన్ని సొంతదిగా గుర్తుపెట్టుకోలేదు.

అదే వ్యాసంలో మరో సంగతి కూడా ఉంది. హార్మోన్లు విడుదల చేసే కొన్ని గ్రంథుల కణాల్లోనూ ఎస్‌వీ2 కనిపించింది. కాబట్టి ఈ యాంటీబాడీ వెలిగిన చోటల్లా సినాప్స్ ఉన్నట్టు కాదు. మెదడు కోతలో ఈ తేడా పెద్దగా బాధించదు. క్లోమం కోతలోనో, అడ్రినల్ గ్రంథి కోతలోనో ఇది మరిచిపోతే తప్పుడు నిర్ధారణకు వస్తాం.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. యాంటీబాడీతో ప్రోటీన్‌ను కొలిచే పద్ధతుల్లో అన్నిటికన్నా ఎక్కువ వాడేది వెస్టర్న్ బ్లాట్. మెదడు ముక్కను డిటర్జెంటు కలిపిన ద్రావణంలో నూరితే వేల రకాల ప్రోటీన్లు అందులోకి దిగుతాయి. దానికి ఎస్‌డీఎస్ అనే మరో డిటర్జెంటు కలుపుతారు. అది ప్రోటీన్ల మడతలు విప్పి, వాటికి నిలువెల్లా రుణావేశం అద్దుతుంది. ఈ ద్రవాన్ని పాలీఅక్రిలమైడ్ జెల్ పలక పై అంచున ఉన్న గుంటల్లో పోసి కరెంటు పెడితే ప్రోటీన్లు ధన ధ్రువం వైపు కదులుతాయి. జెల్‌లోని సన్నటి రంధ్రాల గుండా చిన్నవి తొందరగా, పెద్దవి నెమ్మదిగా పోతాయి. ఇది 1970లో ఉల్రిక్ లామ్లీ చక్కదిద్దిన పద్ధతి. జెల్ లోపల చిక్కుకున్న ప్రోటీన్‌ను యాంటీబాడీ సరిగా చేరలేదు. 1979లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో టోబిన్ బృందం ఆ ప్రోటీన్లను కరెంటుతోనే నైట్రోసెల్యులోజ్ పొర మీదికి, ఉన్నవి ఉన్న వరసలోనే దించింది. ఆ అడ్డంకి తీరిపోయింది.

ఆ పొరకు ఏ ప్రోటీన్‌ను అయినా అంటించుకునే గుణం ఉంది. యాంటీబాడీ కూడా ప్రోటీనే. అలాగే వదిలేస్తే పొర అంతటా అంటుకుపోయి మొత్తం నల్లగా వస్తుంది. అందుకని ముందు పొరను వెన్న తీసిన పాలపొడి కలిపిన ద్రావణంలో ఊపుతారు. పాల ప్రోటీన్లు ఖాళీలన్నీ మూసేస్తాయి. ఖరీదైన రసాయనాల మధ్య కిరాణా కొట్టులో దొరికే పాలపొడి ఇంత పని చేయడం నాకు ఎప్పుడు చూసినా ముచ్చటగానే ఉంటుంది. తర్వాత ఎస్‌వీ2 యాంటీబాడీ పోసి, 4 డిగ్రీల చలిగదిలో రాత్రంతా ఉంచుతారు. తెల్లారి కడిగి రెండో యాంటీబాడీ వేస్తారు. ఇది చుంచెలుక యాంటీబాడీలను పట్టుకునే యాంటీబాడీ. దీనికి ఒక ఎంజైమ్ తగిలించి ఉంటుంది. ఆ ఎంజైమ్ లుమినాల్ అనే రసాయనాన్ని వెలిగించిన చోట ఫిల్మ్ మీద నల్లటి పట్టీ పడుతుంది. పట్టీ ఎంత చిక్కగా ఉంటే ఆ ప్రోటీన్ అంత ఎక్కువ ఉన్నట్టు.

ఎస్‌వీ2 విషయంలో పట్టీ సన్నటి గీతలా రాదు. 95 కిలోడాల్టన్ల దగ్గర మసకగా, వెడల్పుగా వస్తుంది. ఈ ప్రోటీన్‌కు చక్కెర గొలుసులు తగులుకుని ఉంటాయి. ఒక్కో అణువుకు ఒక్కో పొడవు గొలుసు కాబట్టి బరువులు ఒకేలా ఉండవు. ఇంకో ఇబ్బంది నమూనాను సిద్ధం చేసేటప్పుడు వస్తుంది. వెస్టర్న్ బ్లాట్ నేర్పేటప్పుడు మొదట చెప్పే పాఠం నమూనాను 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు మరిగించమని. ఎస్‌వీ2 తిత్తి పొరలో 12 సార్లు అటూ ఇటూ గుచ్చుకుని ఉండే ప్రోటీన్. అలాంటివాటిని మరిగిస్తే ఒకదానికొకటి పెనవేసుకుని ముద్దలవుతాయి, జెల్‌లోకి దిగకుండా గుంటలోనే ఉండిపోతాయి. ఫిల్మ్ ఖాళీగా వస్తుంది. మెదడులో ఎస్‌వీ2 లేదనో, యాంటీబాడీ పాడైందనో అనిపిస్తుంది. నమూనాను మరిగించకుండా తక్కువ వేడి మీద సిద్ధం చేస్తే చాలు, పట్టీ చక్కగా వస్తుంది. ఏ యాంటీబాడీకైనా ఇలాంటి మెళకువలు ఉంటాయి. అవి సీసా మీది లేబుల్‌లో ఉండవు. సీనియర్లు జూనియర్లకు చెప్పుకుంటేనే నిలుస్తాయి.

1990లలో ఎస్‌వీ2 జన్యువులను చదివినప్పుడు ఈ పేరు వెనక మూడు ప్రోటీన్లు ఉన్నాయని తేలింది. వాటికి ఎస్‌వీ2ఏ, ఎస్‌వీ2బీ, ఎస్‌వీ2సీ అని పేర్లు పెట్టారు. ఎస్‌వీ2ఏ మెదడంతటా ఉంటుంది. ఎస్‌వీ2సీ మెదడు అడుగున, కదలికలను అదుపుచేసే బేసల్ గాంగ్లియా ప్రాంతంలో ఎక్కువ. బక్లీ, కెల్లీల యాంటీబాడీ మూడింటినీ పట్టుకుంటుంది. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న భాగమే దాని గురి. సినాప్స్‌లు ఎక్కడున్నాయో చూడాలనుకునేవాళ్ళకు ఇది వరం. లెవెటిరాసిటామ్ పట్టుకునే ఎస్‌వీ2ఏ ఎంత ఉందో కొలవాలనుకునేవాళ్ళకు ఇదే యాంటీబాడీ పనికిరాదు. ఎస్‌వీ2ఏ తగ్గి ఎస్‌వీ2సీ పెరిగినా ఇది తేడా లేదనే చెబుతుంది. వాళ్ళకు ఎస్‌వీ2ఏను మాత్రమే పట్టుకునే వేరే యాంటీబాడీ కావాలి. అది నిజంగా ఎస్‌వీ2ఏనే పట్టుకుంటోందా అన్న పరీక్షకు జన్యువు తీసేసిన చుంచెలుక మెదడు కావాలి. 1999లో అలాంటి చుంచెలుకలను తయారుచేశారు. అవి పుట్టినప్పుడు బాగానే ఉంటాయి. తర్వాత తీవ్రమైన మూర్ఛలు మొదలై మూడు వారాల్లో చనిపోతాయి. ఎస్‌వీ2ఏకూ మూర్ఛకూ సంబంధం ఉందన్న సంగతి మందు గుట్టు తెలియడానికి ఐదేళ్ళ ముందే అక్కడ కనిపించింది. జన్యువు తీసేసిన ఆ మెదడు నమూనాలో పట్టీ రాకూడదు. వస్తే ఆ యాంటీబాడీ చెప్పేది నమ్మకూడదు. ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదు.

ఎస్‌వీ2 యాంటీబాడీ బాగా వెలిగిన రంగం నాడి, కండరం కలిసే చోటు. అక్కడి చిత్రం తీయడానికి మూడు సరుకులు వాడతారు. ఒకటి ఎస్‌వీ2 యాంటీబాడీ, ఇది నాడి కొసలోని తిత్తులను చూపిస్తుంది. రెండోది 2హెచ్3 అనే యాంటీబాడీ, ఇది నాడీతంతువు లోపలి న్యూరోఫిలమెంట్ అనే ప్రోటీన్‌ను పట్టి తంతువు దారిని చూపిస్తుంది. మూడోది యాంటీబాడీ కాదు, పాము విషం. తైవాన్, చైనా ప్రాంతాల్లో ఉండే ఒక కట్లపాము విషంలోంచి 1963లో తైవాన్ శాస్త్రజ్ఞులు చాంగ్, లీ వేరుచేసిన ఆల్ఫా బంగారోటాక్సిన్. కండరం మీద ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే గ్రాహకాలను ఇది ఊడకుండా పట్టుకుంటుంది. మన పల్లెల్లో రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కాటేసే కట్లపాము కూడా ఈ కుటుంబంలోదే. రెప్పలు వాలిపోవడం, ఊపిరి ఆగిపోవడం నాడికీ కండరానికీ మధ్య కబురు తెగడం వల్ల జరిగేవే. ప్రాణం తీసే ఆ పట్టుకే రంగు అద్దితే, సూక్ష్మదర్శిని కింద కండరం వైపు ఒడ్డు వెలిగి కనిపిస్తుంది.

రెండు యాంటీబాడీలూ చుంచెలుక నుంచి, అందులోనూ ఒకే ఉపరకం నుంచి వచ్చినవి. కాబట్టి రంగు తగిలించిన రెండో యాంటీబాడీ ఆ రెండింటినీ ఒకే రంగులో చూపిస్తుంది. మామూలుగా ఇది లోపం. ఇక్కడ కలిసొచ్చింది. నాడీతంతువు, దాని కొస కలిసి ఒక రంగు, కండరం వైపు గ్రాహకాలు ఇంకో రంగు. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటే ఆ కూడలి ఆరోగ్యంగా ఉన్నట్టు. గ్రాహకాలు వెలుగుతున్నాయి, ఎదురుగా నాడి లేదు అంటే నాడి వదిలి వెళ్ళిపోయింది. వెన్నెముక కండర క్షీణత, ఏఎల్ఎస్ లాంటి జబ్బుల నమూనా చుంచెలుకల్లో ఈ ఖాళీలనే లెక్కపెడతారు. ఏఎల్ఎస్ జన్యులోపం ఉన్న చుంచెలుకల్లో వెన్నుపాములోని నాడీకణాలు చావకముందే, కండరం దగ్గర కొసలు ఊడిపోవడం మొదలవుతుందని 2004లో తేలింది. జబ్బు ఎక్కడ మొదలవుతుందన్న ఆలోచన దాంతో మారింది.

మనుషుల్లో ఈ కూడళ్ళు ఎలా ఉంటాయో చాలాకాలం సరిగా తెలియదు. ఆరోగ్యవంతుల కండరం కోసి తీయలేం కదా. ఎడిన్‌బరో పరిశోధకులు కాలు తొలగించాల్సి వచ్చిన రోగుల అనుమతితో ఆ కాలి కండరాన్ని తీసుకుని ఇవే మూడు సరుకులతో పరిశీలించారు. వాళ్ళ వయసులు 34 నుంచి 92 దాకా ఉన్నాయి. 2017లో ప్రచురించిన ఆ పరిశీలనలో మనిషి నాడీకండర కూడళ్ళు చుంచెలుక వాటికన్నా చిన్నవనీ, ముక్కలు ముక్కలుగా ఉంటాయనీ తేలింది. వయసు మీరే కొద్దీ చుంచెలుకల్లో అవి శిథిలమవుతాయి. మనుషుల్లో మాత్రం అలాంటి శిథిలత కనబడలేదు. ముసలితనంలో కండరం కరిగిపోవడానికి ఈ కూడళ్ళ అరుగుదలే కారణమని చుంచెలుకలను చూసి అనుకున్న మాటను మళ్ళీ పరీక్షించుకోవాల్సి వచ్చింది.

ఎస్‌వీ2ను ప్రకృతి కూడా ఒక గుర్తుగా వాడుకుంటోంది. సరిగా నిల్వచేయని డబ్బా ఆహారంలో పెరిగే బొటులినం బ్యాక్టీరియా విషం నాడి కొసల్లోకి మాత్రమే దూరి కండరాలను పడేస్తుంది. నాడి కొసను అది ఎలా గుర్తుపడుతుందన్నది 2006లో తెలిసింది. తిత్తి విచ్చుకున్నప్పుడు ఎస్‌వీ2లో తిత్తి లోపలికి తిరిగి ఉన్న భాగం కాసేపు కణం వెలుపలికి తెరుచుకుంటుంది. బొటులినం విషాల్లో టైప్-ఏ అనేది దాన్ని పట్టుకుని, తిత్తి మళ్ళీ ముడుచుకునేటప్పుడు దాంతోపాటే లోపలికి పోతుంది. ఎక్కువ పనిచేసే నాడిలో తిత్తులు ఎక్కువసార్లు తెరుచుకుంటాయి, విషమూ ఎక్కువ చొరబడుతుంది. బక్లీ, కెల్లీల యాంటీబాడీ పట్టుకునే భాగం దీనికి అటువైపు, కణం లోపల ఉంటుంది. కాబట్టి యాంటీబాడీతో రంగు వేయాలంటే ముందు ట్రైటాన్ లాంటి డిటర్జెంటుతో కణం పొరకు రంధ్రాలు పెట్టాల్సిందే.

ఈ యాంటీబాడీ గురించి ఇంత వివరంగా చెప్పగలుగుతున్నామంటే, ఎంతోమంది దాన్ని ఎన్నో రకాలుగా పరీక్షించి చూశారు కాబట్టే. మార్కెట్లో ఉన్న అన్ని యాంటీబాడీలకూ ఆ అదృష్టం లేదు. ఏఎల్ఎస్‌తో ముడిపడిన సీ9ఓఆర్ఎఫ్72 అనే ప్రోటీన్‌కు అమ్ముతున్న 16 యాంటీబాడీలను మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ బృందం జన్యువు తీసేసిన కణాలతో పరీక్షించి 2019లో ఫలితాలు చెప్పింది. పరిశోధన పత్రాల్లో బాగా వాడుకలో ఉన్నవే ఆ ప్రోటీన్‌ను సరిగా గుర్తించలేకపోయాయి. అదే బృందం మొదలుపెట్టిన వైకారోస్ అనే కార్యక్రమం నాడీశాస్త్రానికి సంబంధించిన 65 ప్రోటీన్లకు దొరికే 614 యాంటీబాడీలను పరీక్షించింది. సగానికి పైగా ఏదో ఒక పరీక్షలో విఫలమయ్యాయి. పరీక్షలో భాగమైన కంపెనీలు ఫలితాలు చూసి, అంచనాలు అందుకోని యాంటీబాడీల్లో సుమారు 20 శాతం మార్కెట్ నుంచి తీసేశాయి. దాదాపు 40 శాతానికి ఏ పనికి వాడవచ్చన్న సూచనను మార్చాయి.

ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. తప్పుడు యాంటీబాడీతో వచ్చిన పట్టీ చూడటానికి మంచి పట్టీలాగే ఉంటుంది. దాన్ని నమ్మి ఒక విద్యార్థి పీహెచ్‌డీలో మూడేళ్ళు ఖర్చుపెడతాడు. ఇంకొకరు దాని మీద ఇంకో అంతస్తు కడతారు. జబ్బుతో ఎదురుచూస్తున్నవాళ్ళకు వాగ్దానాలు వెళ్తాయి. మన దేశంలో చాలా ప్రయోగశాలలు ఈ సీసాలను విదేశాల నుంచే తెప్పించుకుంటాయి. ఒక్కో సీసా ఖరీదైనది, మంచు డబ్బాలో కస్టమ్స్ దాటి రావాలి. అంత కష్టపడి వచ్చిన చుక్కలను పరీక్షలకు ఖర్చుచేయడానికి చెయ్యి రాదు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. అయినా జన్యువు తీసేసిన నమూనా ఒకటి, మొదటి యాంటీబాడీ వేయకుండా రెండోది మాత్రమే వేసిన నమూనా ఒకటి లేకుండా చేసిన ప్రయోగాన్ని ప్రయోగం అనలేం. గైడ్ వద్దన్నా విద్యార్థి పట్టుబట్టాల్సిన చోటు ఇది.

ఎస్‌వీ2 యాంటీబాడీ ఇన్నేళ్ళు నిలవడానికి ఇంకో కారణం, దాన్ని పుట్టించినవాళ్ళు తమ దగ్గరే దాచుకోకపోవడం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల చొరవతో 1986లో ఏర్పడిన హైబ్రిడోమా బ్యాంకు ఇప్పుడు అయోవా విశ్వవిద్యాలయంలో ఉంది. ఎస్‌వీ2, 2హెచ్3 హైబ్రిడోమాలు రెండూ అక్కడ భద్రంగా ఉన్నాయి. లాభాపేక్ష లేకుండా, తక్కువ ధరకు, అడిగిన ప్రయోగశాలకల్లా పంపుతారు. అందరూ ఒకే యాంటీబాడీ వాడితే ఒకరి ఫలితాన్ని ఇంకొకరి ఫలితంతో పోల్చవచ్చు. హైబ్రిడోమాకూ ఒక బలహీనత ఉంది. బతికున్న కణం కాబట్టి తరాలు గడిచే కొద్దీ జన్యువులు మారవచ్చు, యాంటీబాడీ తయారీ ఆగిపోవచ్చు. అందుకే ఇప్పుడు యాంటీబాడీ జన్యువు వరసను చదివి, దాన్ని వేరే కణాల్లో పెట్టి తయారుచేసే రీకాంబినెంట్ పద్ధతి వైపు మళ్ళుతున్నారు. వరస తెలిస్తే ఎన్నేళ్ళకైనా అదే యాంటీబాడీని మళ్ళీ తయారుచేయవచ్చు. మాంట్రియల్ పరీక్షల్లోనూ ఈ రకమే మిగతావాటికన్నా బాగా నెగ్గింది. ప్రజాధనంతో జరిగే పరిశోధనలో వాడే ప్రతి యాంటీబాడీ వరస బహిరంగంగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

యాంటీబాడీ చేయలేని పని ఒకటుంది. బతికున్న మనిషి మెదడులో అది పనికిరాదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుపొరను దాటలేదు, దాటినా కణంలోకి వెళ్ళలేదు. ఇక్కడే లెవెటిరాసిటామ్ వంశం మళ్ళీ అక్కరకొచ్చింది. ఆ మందు మెదడులోకి వెళ్తుంది, ఎస్‌వీ2ఏను వెతికి పట్టుకుంటుంది. దాన్ని పోలిన, ఇంకా గట్టిగా పట్టుకునే యూసీబీ-జే అనే అణువుకు రేడియోధార్మిక కార్బన్-11 తగిలించి, పెట్ స్కాన్‌లో చూస్తే? కార్బన్-11 అర్ధాయుష్షు 20 నిమిషాలే. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ స్కానర్ పక్కనే ఉండాలి. యేల్ విశ్వవిద్యాలయ బృందం 2016లో ఇది చేసి చూపించింది. మనిషి బతికుండగానే సినాప్స్‌ల సాంద్రతను చూడడం అదే మొదలు. స్కాన్‌లో కనిపించేది నిజంగా సినాప్స్‌లేనా అన్న ప్రశ్నకు వాళ్ళు బబూన్ మెదడుతో జవాబు చెప్పారు. ముందు స్కాన్ తీసి, ఆ తర్వాత అదే మెదడులోని వేర్వేరు ప్రాంతాల నుంచి తీసిన నమూనాల మీద ఎస్‌వీ2ఏ, సినాప్టోఫైసిన్ యాంటీబాడీలతో వెస్టర్న్ బ్లాట్ చేశారు. స్కాన్ చెప్పిన లెక్క, యాంటీబాడీ చెప్పిన లెక్క ఒకదానితో ఒకటి సరిపోయాయి.

2018లో ఇదే స్కాన్‌ను అల్జైమర్స్ మొదటి దశల్లో ఉన్న పదిమందికి తీశారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో, ఆరోగ్యవంతులతో పోలిస్తే సంకేతం 40 శాతం దాకా తగ్గి కనిపించింది. మతిమరుపు తీవ్రతకు సినాప్స్‌ల నష్టమే అన్నిటికన్నా దగ్గరగా సరిపోతుందని 1990 ప్రాంతంలోనే, చనిపోయినవారి మెదళ్ళలో సినాప్స్‌లను లెక్కపెట్టినవాళ్ళు చెప్పారు. అదే ఇప్పుడు బతికున్నవారిలో, జబ్బు ఇంకా ముదరకముందే కనిపించింది. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి ఈ స్కాన్ కొలమానం అవుతుందన్న ఆశ అక్కడి నుంచి వచ్చింది.

అయితే సంకేతం తగ్గడానికి కారణాలు ఒకటికన్నా ఎక్కువ ఉండవచ్చు. సినాప్స్‌ల సంఖ్యే తగ్గి ఉండవచ్చు. లేదా సినాప్స్‌లు ఉన్నన్నీ ఉండి, ఒక్కో దానిలో తిత్తులు తగ్గి ఉండవచ్చు. తిత్తులు ఉన్నన్నీ ఉండి ఎస్‌వీ2ఏ మాత్రమే తగ్గే అవకాశమూ లేకపోలేదు. మొదటిది జరిగితే పోయినదాన్ని తిరిగి రాబట్టడం కష్టం. మిగతా రెండింటిలో ఏదో ఒకటైతే మందుకు ఇంకా చోటుంది. ఇవి స్కానర్‌కు ఒకేలా కనిపిస్తాయి. విడదీసి చెప్పాలంటే మరణానంతరం దానమిచ్చిన మెదడే కావాలి. ఆ కణజాలాన్ని పలుచగా కోసి, తిత్తుల వైపు ఎస్‌వీ2ఏ యాంటీబాడీని, అవతలి ఒడ్డున ఉండే పీఎస్‌డీ-95 అనే ప్రోటీన్‌కు మరో యాంటీబాడీని వేరే రంగులో వేసి, రెండు రంగులూ జంటగా పడిన చుక్కలు ఎన్ని, ఒంటరిగా మిగిలిన చుక్కలు ఎన్ని అని లెక్కపెట్టాలి.